కరాయి కిరిరీ చెవి పరీక్ష

డాన్ క్రెసెన్సియో విల్యాల్బాకి ఉన్న జబ్బల్లా ఒక్కటే: పంకా తిరుగుతున్నప్పుడు పక్కన ఎవరూ మాట్లాడకూడదు. పంకా అంటే గది కప్పుకు వేలాడేది కాదు. కంప్యూటర్ పెట్టెలో, ప్రాసెసర్ నెత్తిన కూర్చుని దాని వేడిని లాగి పారేసే కూలర్ పంకా. అది తిరగడం మొదలైందంటే ఆయన కళ్లు మూసుకుంటాడు, కుడిచెవి దానికి అప్పగిస్తాడు, చూపుడువేలు పైకెత్తి "ఉష్" అంటాడు. ఆ "ఉష్"కి చిన్నా పెద్దా తేడా లేదు, హోదా లెక్క లేదు, పాపభీతి అసలే లేదు.

ఇలాంటి మనిషి అసున్సియోన్ నాలుగో నంబరు బజారులో దుకాణం పెట్టుకున్నాడు. మైకుల్లో పాటలు, చిపా రొట్టెలమ్మే ఆడవాళ్ల కేకలు, బస్సు హారన్లు, పక్క గల్లీలో కోళ్ల బేరం, వీటన్నిటి నడుమ కంప్యూటర్ సామాన్లమ్మే ఓ ఇరుకు గ్యాలరీ, ఆ గ్యాలరీ మధ్యలో ఈయన. రైలుపట్టాల మీద పక్క వేసుకుని నిద్ర పట్టడం లేదని ఫిర్యాదు చేసినట్టుండేది వ్యవహారం. చివరికి జనం ఆయన అసలు పేరు మరిచిపోయారు. ఇక్కడి గ్వారానీ భాషలో కిరిరీ అంటే నిశ్శబ్దం, కరాయి అంటే పెద్దమనిషి. కరాయి కిరిరీ అయిపోయాడు.

ఎదురు దుకాణం నిమియా బర్రేతోది. తలకు తగిలించుకునే హెడ్‌సెట్లు, తీగలు, చార్జర్లు అమ్ముతుంది. రోజుకొక్కసారైనా కరాయి కిరిరీని చూసి నోరు వెళ్లబెట్టడం ఆమె వ్యాపారంలో భాగమైపోయింది. పన్నుల శాఖ మనిషిని ఆయన "ఉష్" అనడం చూసింది. చేతిలో బైబిలుతో నరకాగ్ని వర్ణిస్తున్న బోధకుడిని "ఉష్" అనడం చూసింది. ఓసారి ఎన్నికల ఊరేగింపు గ్యాలరీ ముందు ఆగితే ఈయన గుమ్మంలోకొచ్చి అభ్యర్థి ముఖం మీదే వేలెత్తాడు. పాపం ఆ అభ్యర్థి బిత్తరపోయి ఆ వీధంతా ఒక్క వాగ్దానమూ చెయ్యకుండా నడిచాడు. ఆ వీధిలో ఓట్లు అందుకే పడ్డాయని నిమియా ఇప్పటికీ నమ్ముతుంది.

గ్యాలరీలో కొత్తరకం కూలర్ ఏది దిగినా కరాయి కిరిరీ చెవిలోంచి పోవాల్సిందే. మిగతా దుకాణాలవాళ్లు పెట్టెమీద అచ్చేసిన అంకెలు చదివి అమ్మేవాళ్లు. ఈయన పెట్టె చూసేవాడే కాదు. ముందు కూలర్ అడుగుభాగాన్ని ఉక్కు స్కేలుకి ఆనించి, వెలుతురు దూరుతోందేమో ఒంటికన్నుతో చూసేవాడు. రాగి గొట్టాలు రేకుల్లోకి బిగువుగా దిగాయా లేదా అని గోటితో తట్టేవాడు. వేడిని లాగే పేస్టు బఠాణీ గింజంత పెట్టి, కంప్యూటర్‌కి బిగించి, ప్రాసెసర్‌కి ఊపిరాడనంత పని అప్పగించేవాడు. ఆ తర్వాత దుకాణంలో ఏసీ కట్టేసేవాడు, జనవరి ఎండలో, అంటే ఇక్కడి నడివేసవిలో.

అదేమిటని అడిగితే, మన పేటల్లో ఎవరింట్లో ఏసీ ఉంది, కూలర్ ఎక్కడ బతకాలో అక్కడే పరీక్ష రాయాలి అనేవాడు. పరీక్ష పూర్తయ్యేది గంట కొట్టాక కాదు, తెరెరే అనే చల్లటి ఆకుపానీయం కూజా ఖాళీ అయ్యాక. ఐసుముక్కల నీళ్ల కూజా ఒకచేత్తో, ఆకుపొడి దట్టించిన కొమ్ముగ్లాసు, అదే గువాంపా, ఇంకోచేత్తో పట్టుకుని, చుట్టూ ఉన్నవాళ్లకి వరసగా ఒక్కో విడత పోసి అందిస్తూ, పంకా వినేవాడు. తాగేవాళ్లు చప్పుడు లేకుండా పీల్చాలి. పీల్చడంలో చప్పుడైందా, "ఉష్."

చివరికి తీర్పు. సుద్దముక్కతో దుకాణం పలకమీద రాసేవాడు. "చల్లబరుస్తుంది, గురక పెడుతుంది, ఒంటరివాళ్లకు పనికొస్తుంది." ఇంకోదానికి, "ముక్కు దిబ్బడేసిన దోమ." పెద్ద పేరున్న ఒకదానికి, "లైట్లు మూడు రంగులు, బుద్ధి ఒక్కటీ లేదు." ఇవి చదవడానికే కొందరు బస్సెక్కి వచ్చేవాళ్లు. కొనేవాళ్లను మాత్రం ఆయన తిన్నగా పోనిచ్చేవాడు కాదు. ఎవరింటికి, ఏ పేటలో, కంప్యూటర్ ఏ గదిలో పెడతారు, ఆ గదిలో ఇంకెవరు పడుకుంటారు అని ఆరా తీసేవాడు. పెళ్లాం లేని మనిషి, దుకాణం వెనక తీగమీద తన రెండు చొక్కాలూ తానే బక్కెట్లో ఉతికి ఆరేసుకునే మనిషి, ఊరివాళ్ల పడకల సంగతి ఈయనకెందుకని నిమియాకి ఒళ్లు మండేది.

ఆయనకి తెరెరే విషయంలో ఇంకో పట్టింపు. మన బల్లదగ్గర గువాంపా తిరిగి ఇస్తూ "గ్రాసియాస్", అంటే ధన్యవాదాలు, అన్నావంటే, ఇక చాలు, నన్ను వరసలోంచి తీసెయ్ అని అర్థం. ఒక వేసవిలో స్పెయిన్ నుంచి వచ్చిన ఓ మర్యాదస్తుడు తీగ కొనుక్కోవడానికి ఆగితే కరాయి కిరిరీ కూర్చోబెట్టి మొదటి విడత ఆయనకే పోశాడు. పాపం ఆ మనిషి చెమటలు కక్కుతూ, ప్రాణం లేచొచ్చి, నిండుమనసుతో గ్రాసియాస్ అన్నాడు. అంతే. ఆ మధ్యాహ్నమంతా కొమ్ముగ్లాసు అతని ముక్కు ముందునుంచే కుడినుంచి ఎడమకి తిరిగింది కానీ అతని చేతికి రాలేదు. తానేం తప్పు చేశానో తెలియక అతను ఇంకా గట్టిగా, ఇంకా వినయంగా గ్రాసియాస్ గ్రాసియాస్ అంటూ పోయాడు. ఇంత గట్టిగా వద్దన్నవాడిని బలవంతపెట్టడం మర్యాద కాదని కరాయి కిరిరీ కూజా మూతే పెట్టేశాడు.

ఇక అసలు సంగతి. నిమియా అక్క డిగ్నా నది ఒడ్డు పేటలో, రేకు కప్పు కింద, ఒక్కటే గదిలో ఉంటుంది. అందులోనే వంట, అందులోనే తల్లి మంచం, అందులోనే డిగ్నా ఉద్యోగం. స్పెయిన్ రాజధాని మాద్రిద్‌లో ఎవరి బట్టలుతికే మిషన్ మొరాయించినా వాళ్లు చేసే ఫోను అసున్సియోన్‌లో డిగ్నా చెవిలో మోగుతుంది. ఆ పేటలో ఇలా ఇంట్లోనే కూర్చుని పరాయి ఊరి మిషన్లకి సమాధానం చెప్పే ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. కంప్యూటర్ వాళ్లదే, కరెంటు వాళ్లదే, కుర్చీ వాళ్లదే, చెమట వాళ్లదే. కంపెనీది నిబంధన ఒక్కటి. మాట వెనక మిషన్ రొద వినిపించకూడదు. వినిపిస్తే ఆ మనిషిని నెలాఖరున తప్పిస్తారు. ఎండకి రేకు కాలి, కంప్యూటర్‌తోపాటు వచ్చిన చిన్న పంకా ప్రాణభయంతో అరుస్తుంటే, దాని నోరు మూయించే మంచి కూలర్ మాత్రం పనిమనిషే కొనుక్కోవాలి. దీన్ని ఆ కంపెనీ కాగితాల్లో స్వతంత్రంగా పనిచేసే సౌకర్యం అంటారు.

డిగ్నాకి మొదటి హెచ్చరిక పంకా రొదకే వచ్చింది. తెలివిగా కంప్యూటర్ పెట్టెను కిటికీ అవతల పెరట్లో పెట్టి తీగలు లోపలికి లాక్కుంది. రెండో హెచ్చరిక కోడికి వచ్చింది. వాషింగ్ మెషిన్ ఆఫీసులో గుడ్డు పెట్టేది ఎవరని మాద్రిద్ నుంచి ఒకావిడ అడిగిందట. ఇంకొక్కసారి ఏ చప్పుడు వినిపించినా ఇక పని లేదు.

నిమియా ఆ సంగతి విన్నరోజే నిర్ణయించుకుంది. హెడ్‌సెట్ల బేరం పక్కన పెట్టి, సరిహద్దు ఊరినుంచి ఒక రకం కూలర్లు దుకాణం నిండా దింపుకుంది. ఆరు రాగి గొట్టాలు, నల్లటి రేకుల గోపురం, అరచేతికన్నా పెద్ద పంకా. ఒకటి అక్కకి, మిగతావి పేటలో అక్కలాంటివాళ్లకి. కానీ పేటలో ఎవరూ డబ్బు తీయలేదు. కరాయి కిరిరీ ఏమన్నాడు అని అడిగారు.

కరాయి కిరిరీ ఏమీ అనలేదు. స్కేలు ఆనించాడు, గోటితో తట్టాడు, ఏసీ కట్టేశాడు. కూజా ఖాళీ అయ్యేసరికి తెరమీద వేడి అంకె చూసి నిమియాకి గంతులెయ్యాలనిపించింది. పాత పంకాతో ఉడుకుతున్న నీళ్లకు దగ్గరపడే ప్రాసెసర్ ఇప్పుడు హాయిగా నీడన కూర్చున్నట్టుంది. ఆయన మాత్రం సుద్దముక్క తీయలేదు. కూలర్ బిగించిన కంప్యూటర్‌ని చంటిబిడ్డలా ఎత్తుకుని, ఎవరికీ చెప్పకుండా, మిట్టమధ్యాహ్నం ఎటో వెళ్లిపోయాడు.

ఎటు వెళ్లాడో మర్నాడు చర్చి పాద్రి స్వయంగా దుకాణానికొచ్చి చెబితే నిమియా చేతిలో తీగచుట్ట జారిపడింది. ఊరంతా కునుకు తీసే వేళ చర్చిలో అన్నిటికన్నా నిశ్శబ్దమైన చోటు ఏదని వెతికి, ఈ పెద్దమనిషి పాపాలు ఒప్పుకునే చెక్కగదిలో, పాద్రి కూర్చునేవైపు, కంప్యూటర్ పెట్టుకుని తలుపేసుకున్నాడు. ఓ ముసలావిడ వచ్చి ఇవతల మోకరిల్లి, తండ్రీ, పొరుగింటి మామిడికాయలు, అని మొదలుపెట్టింది. లోపలినుంచి "ఉష్" అని వినిపించింది. ఆవిడ అదిరిపడి, మామిడికాయలు కాదు తండ్రీ, కోడి కూడా, అంది. మళ్లీ "ఉష్." ఆవిడ ఏడుస్తూ ఇంటికెళ్లి పొరుగింటికి కోడిని తిరిగి ఇచ్చేసింది. నా పదవీకాలంలో ఇంత తొందరగా ఎవరూ మారలేదు, ఆ పెద్దమనిషిని కాస్త అప్పుడప్పుడు పంపించమ్మా అని పాద్రి వెళ్లిపోయాడు.

నిమియా నేరుగా ఎదురు దుకాణంలోకి నడిచింది. నెలాఖరు దగ్గరపడుతోంది, పెట్టెలు కదలడం లేదు, ఈయనేమో చెక్కగదుల్లో దూరుతున్నాడు. ఆమెకి ఆశ్చర్యం తీరి కోపం మొదలైంది.

"కరాయి, ఔనో కాదో చెప్పండి. మా అక్క పని పోతే మీ చెవి వచ్చి ఇల్లు నడుపుతుందా?"

"చల్లగానే ఉంది తల్లీ."

"మరింకేం?"

"ఇక్కడ చల్లగా ఉంది. చర్చిలో నిశ్శబ్దంగా ఉంది. మీ అక్క చర్చిలో కూర్చుని మాట్లాడుతుందా?"

ఆయన ఎప్పటిలాగే ఆరా మొదలుపెట్టాడు. మంచం ఏ గోడవైపు, అమ్మ ఏ వేళ నిద్రపోతుంది, మైకు నోటికెంత దూరం. ఆ తర్వాత, ఒక కూలర్ తీసుకెళ్లి ఆదివారం నువ్వే అక్క మిషన్‌కి బిగించు, పెట్టె మళ్లీ గదిలో పెట్టు అన్నాడు.

"అంటే ఔనన్నట్టా?"

"కాదు."

"కాదన్నట్టా?"

"ఉష్."

ఆదివారం నిమియా కూలర్ బిగించింది. కోళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. సోమవారం పొద్దున దుకాణం తెరవకుండా మళ్లీ అక్క గదికే వచ్చింది. తన దుకాణంలోంచి ఇంకో హెడ్‌సెట్ తెచ్చి, డిగ్నా కంప్యూటర్‌కే తగిలించి చెవులకు పెట్టుకుని కూర్చుంది, అవతలివాళ్లు చప్పుడు గురించి ఏమైనా అంటారేమో విందామని. తల్లి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పంకా తిరుగుతోంది. వింటే ఉంది, వినకపోతే లేదు.

రెండు ఫోన్ల మధ్య సందులో డిగ్నా, ఇవాళ వాషింగ్ మెషిన్ దొర దొరికితే బాగుండు అంది. ఆయనెవరని నిమియా అడిగితే పేటంతా ఎరిగిన కథ చెప్పింది. మాద్రిద్‌లో ఒక పిచ్చి పెద్దమనిషి ఉన్నాడు. ఆయన మిషన్ ఎప్పుడూ సణుగుతూనే ఉంటుంది. ఫోన్ చేసి, ఎత్తిన మనిషి పేరు అడిగి, మీరు కాదు క్షమించండి అని పెట్టేస్తాడు, మళ్లీ చేస్తాడు. కావలసిన మనిషి దొరికితే మాత్రం వదలడు. ఏమీ మాట్లాడనివ్వడు. చివర్లో, మీకు సేవ నచ్చిందా అని కంపెనీ అడిగే ప్రశ్నకి పూర్తి మార్కులు వేస్తాడు. ఆ మార్కులు పడ్డవాళ్లని ఆ నెల కంపెనీ తప్పించదు.

"ఈ పొద్దున మన వీధిలోనే ఇద్దరికి, మీరు కాదు అన్నాడట," అంది డిగ్నా. "ఎవరికోసం వెతుకుతున్నాడో."

ఫోన్ మోగింది. డిగ్నా తన పేరు చెప్పింది. అవతల ఎవరో హమ్మయ్య అన్నట్టు నిట్టూర్చారు.

"థెన్యోరా డిగ్నా, నా బట్టల మిథన్ థణుగుతోంది."

నిమియా కనుబొమలు ముడిచింది. మాద్రిద్‌వాళ్లు నాలుక పళ్ల మధ్య పెట్టి పలికే అక్షరాలు కొన్నే. ఈయన సెన్యోరా అనే మర్యాదమాట మొదలు కనిపించిన ప్రతి స, ష అక్షరాన్నీ అలా కొరికేస్తున్నాడు.

"చింతించకండి సెన్యోర్," అని డిగ్నా అప్పగించడం మొదలుపెట్టింది, "ముందుగా మీ మిషన్ మోడల్—"

"ఉష్."

లక్షమందిలో వినిపించినా ఆ "ఉష్"ని నిమియా పోల్చగలదు. ఆమె నోరు తెరుచుకుంది. ఈసారి మూయడం మరిచిపోయింది. లైనులో అవతల, నిశ్శబ్దం వెనక, కూజాలో ఐసుముక్కలు టింగుమని కదలడం స్పష్టంగా వినిపించింది.

డిగ్నా కళ్లతోనే ఏం చెయ్యమంటావని అడిగింది. నిమియా పట్టలేని ఆశ్చర్యంతో పంకావైపు వేలు చూపించింది.

"ఎడమవైపు మర ఒకటి వదులుగా ఉంది," అన్నాడు దొర చివరికి. "థన్నగా ఈలేథ్తోంది."

"మీ మిషన్‌కాండీ?"

అవతల కాస్త తడబాటు. "ఆఁ, నా మిథన్‌కే. కానీ మీ పక్కన ఎవరైనా ఉంటే, వాళ్లు కూడా ఓథారి చూథుకుంటే మంచిది."

నిమియా అప్పటికే మోకాళ్లమీద ఉంది. పెట్టె పక్కరేకు తీసి, కూలర్ ఎడమవైపు మర వేలితో తాకింది. వదులే. నిన్న హడావిడిలో సగం బిగించి వదిలేసింది తనే. స్క్రూడ్రైవర్‌తో తిప్పింది. ఉందో లేదో తెలియని ఆ సన్నటి ఈల ఆగిపోయింది. అది ఆగిపోయాకే, ఇంతసేపూ ఉండేదని అక్కాచెల్లెళ్లకు తెలిసింది. లైనులో ఒక పెద్ద ఊపిరి, కడుపునిండా తిన్నవాడు కుర్చీకి చేరబడినట్టు.

డిగ్నాకి కంపెనీ నేర్పిన ముగింపు ఒకటే. చెప్పేసింది. "ఫోన్ చేసినందుకు గ్రాసియాస్, సెన్యోర్."

"అదేంటి, అప్పుడే చాలా?" అన్నాడు దొర కంగారుగా. మాద్రిద్ యాస ఎటు పోయిందో పోయింది. "ఇంకో విడత తాగు తల్లీ, నీళ్లింకా చల్లగానే ఉన్నాయి."

తల్లి మంచంమీద ఇటు తిరిగింది.

"థరే," అన్నాడు అవతలి మనిషి ఎంతో హుందాగా, పెట్టేశాడు. మరుక్షణం తెరమీద పూర్తి మార్కులు వెలిగాయి.

డిగ్నా చెవులమీంచి హెడ్‌సెట్ తీసింది. "మాద్రిద్‌లో కూడా తెరెరే తాగుతారటే?"

నిమియాకి ఒక్కొక్కటే కళ్లముందు కదిలింది. ఎవరింటికి, ఏ పేటలో, ఏ గదిలో, ఇంకెవరు పడుకుంటారు. కూలర్ కొన్న ప్రతి ఇంటికీ ఆ వారంలోనే ఎందుకు ఆ దొర ఫోన్ వచ్చేది. బజారు రొదలో, చర్చి చెక్కగదిలో వినిపించని ఈల, సముద్రం దాటి పోయే తీగలో వినిపిస్తుందేమోనని, కంపెనీ చెవి ఎక్కడుందో అక్కడే తన చెవి పెట్టి కూర్చునే మనిషి. అక్కకి చెప్పబోయింది. మళ్లీ ఆగి, ఎవరో పిచ్చి దొర, నువ్వు పని చూసుకో అంది.

గ్యాలరీకి వచ్చేసరికి ఎదురు దుకాణం పలకమీద సుద్దరాత ఇంకా తడి ఆరని చేతిముద్రలతో ఉంది. "నల్ల గోపురం కూలర్. మంచిది. నిద్రపోయే అమ్మ లేవదు. ఎడమ మర గట్టిగా బిగించాలి, పొగరుబోతు అమ్మాయిలు మరిచిపోతారు." పలక చదివిన పేట ఆడవాళ్లు అప్పటికే నిమియా దుకాణం ముందు పెట్టెలు ఎంచుకుంటున్నారు. వెనక తీగమీద బక్కెట్లో ఉతికిన రెండు చొక్కాలూ, ఇంకా నీళ్లోడుతూ, ఆరుతున్నాయి.

నిమియా ఆ గుంపును దాటుకుని వెళ్లి ఆయన వరసలో కూర్చుంది. కరాయి కిరిరీ ఆమె ముఖంలోకి చూడకుండా ఓ విడత పోసి కొమ్ముగ్లాసు అందించాడు. ఆమె చప్పుడు లేకుండా తాగింది. చేదు, చలవ, ఆ వెనక ఓ పుదీనా ఘుమఘుమ. గొంతులోకి ఒకే ఒక్క మాట ఎగదన్నింది. నోటిదాకా వచ్చింది. అది పైకి అంటే ఈ మనిషి తనని వరసలోంచి తీసేస్తాడు. ఆమె ఆ మాటను తెరెరేతోపాటే మింగేసి, గ్లాసు తిరిగి ఇచ్చి, మళ్లీ పొయ్యమన్నట్టు చెయ్యి చాచింది.

ఆయన పోస్తుంటే మాత్రం ఉండబట్టలేక అడిగింది.

"మీ బట్టల మిషన్ ఎలా ఉంది కరాయి?"

కరాయి కిరిరీ వెనక ఆరుతున్న తన రెండు చొక్కాలవైపు ఒకసారి చూశాడు. కళ్లు మూసుకున్నాడు. చూపుడువేలు పైకెత్తాడు.

"ఉష్," అన్నాడు. ఆ సమయంలో దుకాణంలో ఏ పంకా తిరగడం లేదు.